దామంజోడి పెరట్లో ఏ మొక్క బతుకుతుంది?

దామంజోడిలో మొక్కలు పెంచేవారు ముందుగా తెలుసుకోవలసినవి మూడు: ఊరి ఎత్తు, కింది మట్టి, పైనుంచి కురిసే వాన. ఈ మూడింటికీ సరిపడే మొక్క తక్కువ శ్రమతోనే పెరుగుతుంది. సరిపడనిదాన్ని ఎంత అపురూపంగా చూసుకున్నా రెండో శీతాకాలం దాటించడం కష్టం. ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 1981లో ఏర్పడిన నాల్కో సంస్థ అల్యూమినా శుద్ధి కర్మాగారం చుట్టూ పెరిగిన టౌన్‌షిప్. విజయనగరం, శ్రీకాకుళం, పార్వతీపురం ప్రాంతాల నుంచి ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడా, పక్కనున్న సునాబెడలోనూ, సెమిలిగూడలోనూ చాలా ఉన్నాయి. వాళ్లు తమ ఊళ్లలో చూసి పెరిగిన మొక్కలు వేరు, ఈ కొండ మీద సుఖంగా బతికే మొక్కలు వేరు. ఆ తేడా తెలిస్తే సగం తోటపని తెలిసినట్లే.

ఎత్తు చేసే మార్పు

దామంజోడి సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సగటున ఆరేడు డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన విజయనగరం కంటే ఇక్కడ ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పాదరసం 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. తీరప్రాంతపు పెరటి మొక్కల్లో చాలావాటికి ఇది హద్దు. కనకాంబరం, తమలపాకు తీగ, అరటి, రంగురంగుల క్రోటన్లు ఈ చలికి ఎదుగుదల ఆపేస్తాయి. ఆకుల అంచులు నల్లబడతాయి, కొన్ని రాలిపోతాయి. తులసికోటలో తులసి కూడా పుష్యమాసానికి మోడుబారినట్లు కనిపిస్తుంది. అది చచ్చిపోయిందనుకుని పీకెయ్యనక్కర్లేదు. ఎండిన వెన్నులు కత్తిరించి, నీళ్లు తగ్గించి ఉంచితే ఫిబ్రవరి చివర వేడి పుంజుకోగానే చిగురు వేయవచ్చు. వేయకపోయినా రాలిన గింజల నుంచి కొత్త నారు వస్తుంది.

మల్లె విషయంలోనూ ఇంతే. అది వెచ్చని పగళ్లకు, గట్టి ఎండకు పూసే మొక్క. ఇక్కడ కూడా వేసవిలో పూస్తుంది కానీ, తీరంలో పూసినన్నాళ్లు పూయదు.

అదే చలి మరికొన్ని మొక్కలకు వరం. డాలియా పుట్టిల్లు మెక్సికో ఎత్తైన ప్రాంతాలు. పగలు ఎండ, రాత్రి చల్లదనం దానికి కావాలి. మైదానంలో చిన్నగా పూసే డాలియా ఇక్కడ పెద్ద పూలు ఇస్తుంది. గులాబీ రంగులు చలిలో చిక్కబడతాయి, పువ్వు ఎక్కువ రోజులు నిలుస్తుంది. జెరేనియం, పాన్సీ, బిగోనియా, ఫెర్న్‌లు, గ్లాడియోలస్, హైడ్రాంజియా ఈ వాతావరణానికి తగినవి.

చామంతి, పాయిన్‌సెట్టియా పగటి పొడవు తగ్గినప్పుడే మొగ్గ తొడుగుతాయి. అందుకే అవి చలికాలంలో పూస్తాయి. వీటి కుండీలను వీధిదీపం కిందో, రాత్రంతా లైటు వెలిగే వరండాలోనో పెడితే పూత ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అసలు రాదు. మొక్కకు ఆ వెలుగు పగలు పొడవుగా ఉన్నట్లే లెక్క.

బాక్సైట్ పుట్టిన మట్టి

ఈ ప్రాంతపు కొండల్లో ప్రధానమైన రాయి ఖొండలైట్. కోంధ్ జాతి పేరు మీదుగానే దీనికి ఆ పేరు పెట్టారు. లక్షల ఏళ్ల వానలు ఆ రాతిలోని సిలికాను, సున్నాన్ని, మెగ్నీషియంను, పొటాషియంను కరిగించి కిందికి తీసుకుపోయాయి. మిగిలినవి అల్యూమినియం, ఇనుము. కొండలపైన అవి పేరుకుని పంచపట్మాలి కొండ బాక్సైట్ అయ్యాయి. పల్లంలో ఎర్రటి లాటరైట్ నేలలు అయ్యాయి. కర్మాగారానికి ముడిసరుకు ఇచ్చిన ప్రక్రియే పెరటి మట్టినీ తయారు చేసిందన్నమాట.

అలాంటి నేలకు మూడు గుణాలుంటాయి. మొదటిది ఆమ్లత్వం. సున్నం, మెగ్నీషియం కొట్టుకుపోవడంతో మట్టి పుల్లబారుతుంది. రెండోది భాస్వరం దొరక్కపోవడం. వేసిన భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం పట్టుకుని వేళ్లకు అందనివ్వవు. మూడోది, ఆమ్లత్వం బాగా పెరిగినచోట కరిగిన అల్యూమినియం లేత వేళ్ల కొనలను దెబ్బతీయడం. వేళ్లు పొట్టిగా, మొద్దుగా మిగిలిపోతాయి. నీళ్లు పోస్తున్నా మొక్క దాహంతో ఉన్నట్లు కనిపించడానికి కొన్నిసార్లు కారణం ఇదే.

దీనికి విరుగుడు సున్నం. వ్యవసాయ సున్నం గానీ డోలమైట్ పొడి గానీ చదరపు మీటరుకు 100 నుంచి 200 గ్రాములు చల్లి, పైమట్టిలో కలిపి, రెండు మూడు వారాలు ఆగి మొక్కలు పెట్టాలి. మోతాదు పెంచితే ఫలితం పెరగదు. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము, జింకు అందక ఆకులు పాలిపోతాయి. సున్నం వేసిన రోజే యూరియా, పచ్చి పేడ వేయకూడదు. వాటిలోని నత్రజని అమోనియాగా ఎగిరిపోతుంది. ఒడిశాలోని ఆమ్ల నేలల్లో కాగితపు మిల్లుల నుంచి వచ్చే సున్నపు వ్యర్థాన్ని కూడా రైతులు వాడుతున్నారు. రాయగడ పక్కనే జేకే పేపర్ మిల్లు ఉంది. పెరట్లో కొద్దిపాటి పాదులకు కట్టెల బూడిద కూడా పనికొస్తుంది. అందులో సున్నంతోపాటు పొటాషియం కూడా ఉంటుంది.

భాస్వరం కోసం ఎముకల పొడి, రాక్ ఫాస్ఫేట్ మంచివి. ఆమ్ల నేలలో ఇవి నెమ్మదిగా కరిగి వేళ్లకు అందుతాయి. నేలంతా చల్లకుండా మొక్క నాటే గోతిలో, పశువుల ఎరువుతో కలిపి వేస్తే వృథా తగ్గుతుంది. కుళ్లిన ఆకు ఎరువు ఎంత వేస్తే అంత మేలు. అది అల్యూమినియం విషాన్ని కొంత అణచిపెడుతుంది, వానకు గట్టిపడే ఎర్రమట్టిని గుల్లగా ఉంచుతుంది.

ఒక జాగ్రత్త. అల్యూమినా తీసిన తరువాత మిగిలే ఎర్రబురద రంగులో ఎర్రమట్టిలాగే ఉంటుంది కానీ గుణంలో దానికి పూర్తిగా ఎదురు. బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించగా వచ్చిన వ్యర్థం కాబట్టి అందులో క్షారం చాలా ఎక్కువ. అది తోటకు వాడదగినది కాదు.

నీలం పువ్వు రహస్యం

ఆమ్ల నేలను మార్చుకోవడం ఒక దారి. దానికి తగిన మొక్కను ఎంచుకోవడం ఇంకో దారి. రెండోదే సులువు. గంధరాజం, నూరువరహాలు, ఎజేలియా, కెమీలియా, తేయాకు, చాలా ఫెర్న్‌లు పుల్లటి మట్టినే కోరతాయి. వాటికి సున్నం వేస్తే ఆకులు పసుపుబారతాయి.

వీటన్నిటిలో ఈ నేల స్వభావాన్ని కళ్లకు కట్టేది హైడ్రాంజియా. దాని పువ్వు రంగు మట్టిలోని అల్యూమినియాన్ని బట్టి మారుతుంది. నేల ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కంటే తక్కువైతే అల్యూమినియం కరిగి మొక్కలోకి చేరి, పువ్వులోని రంగుపదార్థంతో కలిసి నీలం అవుతుంది. సూచిక 6.5 దాటితే అల్యూమినియం అందదు, అదే మొక్క గులాబీ రంగు పూస్తుంది. మధ్యలో ఉంటే ఊదా. తెల్లరకాలు మాత్రం రంగు మారవు. ఇంటి గోడను ఆనుకుని పెట్టిన మొక్క గులాబీగా, దూరంగా పెట్టినది నీలంగా పూయడం ఆశ్చర్యం కాదు. గోడ సిమెంటులోని సున్నం వానకు కిందికి దిగుతుంది. భాస్వరం ఎరువు ఎక్కువ వేసినా నీలం తగ్గుతుంది.

హైడ్రాంజియాకు ఉదయపు ఎండ, మధ్యాహ్నపు నీడ కావాలి. తరచుగా పెంచే పెద్దగుత్తుల రకాలు పోయినేటి కొమ్మల మీదే పూస్తాయి. కాబట్టి పూత అయిన వెంటనే కత్తిరించాలి. చలికాలంలో కత్తిరిస్తే ఆ ఏటి మొగ్గలు పోయినట్లే.

కడియం నుంచి వచ్చే మొక్క

ఆంధ్రప్రదేశ్‌లో నర్సరీ అంటే ముందు గుర్తొచ్చేది తూర్పు గోదావరి జిల్లా కడియం. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి ఊళ్ల నుంచి లారీలకొద్దీ మొక్కలు దేశమంతా వెళతాయి. విజయనగరం, సాలూరు, సుంకి, పొట్టంగి మీదుగా ఘాట్ ఎక్కితే ఈ కొండ ప్రాంతానికీ దారి ఉంది. గోదావరి ఒడ్డున కొద్ది మీటర్ల ఎత్తులో, వేడిలో, తేమలో పెరిగిన మొక్క ఒక్కరోజులో 900 మీటర్లు పైకి వస్తే తడబడటం సహజం.

ఆ మొక్కకు పది పదిహేను రోజులు విశ్రాంతి ఇవ్వాలి. నీడలో, గాలి నేరుగా కొట్టని చోట, మిగతా మొక్కలకు దూరంగా ఉంచాలి. దూరం ఎందుకంటే పిండినల్లి, పొలుసు పురుగు వంటివి మొక్కతోపాటు దిగుమతి అవుతాయి. వాటిని గుర్తించడానికి ఆ గడువు చాలు. తరువాత వేరుముద్ద చూడాలి. ఒండ్రు బంకమట్టి గట్టి ఉండలా ఉంటే, దాన్ని అలాగే ఎర్రమట్టిలో పాతకూడదు. ఉండ ఎండిపోతే పోసిన నీళ్లు దాని చుట్టూ జారిపోతాయి, లోపలికి దిగవు. ముద్దను నీటిలో నానబెట్టి, పైపొరను వేళ్లతో మెల్లగా వదులుచేసి, చుట్టలు తిరిగిన వేళ్లు కత్తిరించి నాటాలి. చలి భరించని మొక్కలను అక్టోబరు, నవంబరులో కొనడం కంటే ఫిబ్రవరి, మార్చిలో కొనడం మంచిది. మొదటి చలి వచ్చేసరికి వేళ్లు పాతుకుని ఉంటాయి.

కొనేటప్పుడు నిండా పూసిన మొక్క మీదికి మనసు పోతుంది. దానికన్నా మొగ్గలున్న, కొత్త చిగురు వేస్తున్న, అడుగున ఆకులు రాలని మొక్క మేలు. కుండీ రంధ్రం నుంచి వేళ్లు గుబురుగా బయటికి వస్తే అది చాలాకాలంగా ఇరుకులో ఉందని అర్థం.

పువ్వులు, ఆకులు నచ్చాయని అడవి నుంచి మొక్కలు పెకలించి తెచ్చేవారూ ఉన్నారు. ముఖ్యంగా చెట్లమీద పెరిగే ఆర్కిడ్లు. వాటి వేళ్లు ఆ చెట్టు బెరడుకు, అక్కడి నాచుకు అలవాటుపడినవి. తెచ్చినవాటిలో చాలా మటుకు చచ్చిపోతాయి, అడవిలోనూ తరిగిపోతాయి. నర్సరీలో పెంచిన ఆర్కిడ్ కొంటే ఈ రెండు నష్టాలూ ఉండవు.

ఇంట్లో వెలుతురు

ఇంట్లో పెట్టే మొక్కకు మొదటి అవసరం నీళ్లు కాదు, వెలుతురు. మనిషి కంటికి వెలుగుగా కనిపించే గది కూడా మొక్కకు చీకటే కావచ్చు. కిటికీకి రెండు మీటర్ల దూరంలో వెలుతురు కిటికీ దగ్గరి దానిలో చిన్న వంతుకు పడిపోతుంది. మధ్యాహ్నం మొక్క ఉంచదలచినచోట చెయ్యి చాపి చూస్తే తెలుస్తుంది. నీడ అంచులు స్పష్టంగా పడితే వెలుతురు బాగుంది. మసకగా పడితే నీడ మొక్కలకు సరిపోతుంది. నీడే పడకపోతే అక్కడ ఏ మొక్కా ఎక్కువకాలం నిలవదు.

దామంజోడి సుమారు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణాన 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీ గుండా ఎండ గది లోపలికి వస్తుంది. జూన్‌లో సూర్యుడు నడినెత్తి దాటి కొద్దిగా ఉత్తరానికి ఒరుగుతాడు. అప్పుడు ఉత్తరపు వరండాకు ఎండ తగలాలి కానీ, అదే సమయానికి మబ్బులు కమ్ముతాయి. అందువల్ల చలికి వణికే మొక్కలకు శీతాకాలపు చోటు దక్షిణపు కిటికీ. ఫెర్న్, బిగోనియా, పీస్ లిల్లీలకు ఉత్తరపు వరండా. తూర్పు వైపు దాదాపు అన్నిటికీ పనికొస్తుంది.

వెలుతురు తక్కువైనా ఓర్చుకునేవి స్నేక్ ప్లాంట్, జీజీ మొక్క, మనీప్లాంట్, సింగోనియం. స్పైడర్ ప్లాంట్ చలికి తట్టుకుంటుంది. రంగు ఆకుల అగ్లోనిమాలు అందంగా ఉంటాయి కానీ 12, 13 డిగ్రీల కిందికి పడితే ఆకులపై మచ్చలు పడతాయి. వాటిని రాత్రి కిటికీ గాజుకు ఆనించి ఉంచకూడదు.

గాలిని శుభ్రపరుస్తాయనే పేరుతో ఇంటి మొక్కలు అమ్మడం వాడుక అయింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా మూసిన గదుల్లో చేసి 1989లో వెల్లడించిన పరీక్షలు దీనికి మూలం. మామూలు ఇంట్లో కిటికీలు, తలుపుల గుండా గాలి మారుతూనే ఉంటుంది. 2019లో పాత పరిశోధనలన్నీ తిరిగి లెక్కించినప్పుడు, ఆ గాలి మార్పుతో సమానమైన ఫలితం రావాలంటే చదరపు మీటరుకు పది నుంచి వెయ్యి మొక్కలు కావాలని తేలింది. మొక్క పెట్టుకోవడానికి అందం, ఆనందం చాలిన కారణాలు. గాలి కోసమైతే కిటికీ తెరిస్తే సరి.

అమరిక

ఒక్కో మూల ఒక్కో కుండీ విడివిడిగా పెడితే గది చిందరవందరగా కనిపిస్తుంది. మూడో ఐదో మొక్కలను ఒకచోట చేర్చి, వెనుక పొడవైనది, ముందు పొట్టిది, అంచున వేలాడేది పెడితే నిండుదనం వస్తుంది. స్నేక్ ప్లాంట్ నిటారు ఆకు పక్కన ఫెర్న్ మెత్తటి ఆకు, దాని ముందు జారే మనీప్లాంట్ ఇందుకు మంచి ఉదాహరణ. ఇలా గుంపుగా ఉంచితే వాటి మధ్య గాలిలో తేమ కూడా కాస్త నిలుస్తుంది. ఆకులు రంగురంగులవైతే కుండీలు ఒకే రంగువి, ఆకులు ఒకే పచ్చనివైతే కుండీలు రంగువి ఎంచుకోవాలి.

మట్టికుండీ గోడల గుండా తేమ ఆవిరవుతుంది. వానాకాలం పొడవునా తేమ నిలిచే ఇలాంటి ఊళ్లో అది వేళ్లకు మేలు. ప్లాస్టిక్ కుండీ తేమను పట్టి ఉంచుతుంది కనుక ఎండాకాలానికి, ఫెర్న్‌లకు నయం. పాత ఇత్తడి గంగాళం, రాగి బిందె వంటివాటిలో మొక్కను నేరుగా నాటకూడదు. అడుగున రంధ్రం ఉండదు. మొక్కను చిన్న ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి దాన్ని లోపల నిలబెట్టి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీయాలి.

కుండీ మిశ్రమానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్ట్ సరిపోతాయి. ఎర్రమట్టి బాగా జిగురుగా ఉంటే ఒక పాలు తగ్గించి కొబ్బరి పొట్టు చేర్చాలి. కుండీ మార్చేటప్పుడు పాతదానికన్నా రెండు మూడు సెంటీమీటర్లు వెడల్పు చాలు. మరీ పెద్ద కుండీలో వేళ్లు అందుకోని మట్టి తడిగా ఉండిపోయి కుళ్లు మొదలవుతుంది.

ఏడాది పొడవునా పని

ఈ ప్రాంతంలో ఏటా సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకే. కాబట్టి తోటపని క్యాలెండర్ వాన చుట్టూ తిరుగుతుంది.

తొలకరి పడగానే మందార, నందివర్ధనం, గంధరాజం, హైడ్రాంజియా వంటి పొదలు నాటాలి. జూలై, ఆగస్టు నెలల్లో నీళ్లు పోయడం కన్నా నీళ్లు బయటికి పోయేలా చూడటం ముఖ్యం. కుండీలను ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. పళ్లేలు తీసేయాలి. పళ్లెంలో, మనీప్లాంట్ సీసాలో నిలిచిన మంచినీరు డెంగీ దోమకు పుట్టిల్లు. వారానికోసారైనా పారబోసి, సీసా రుద్ది కడగాలి. రాత్రిపూట నత్తలు లేత మొక్కలను నరికేస్తాయి. టార్చిలైటుతో ఏరి ఉప్పునీటిలో వేయడమే తేలికైన పద్ధతి. గులాబీ ఆకుల మీద నల్లమచ్చలు వస్తే ఆ ఆకులు తీసి దూరంగా పారేయాలి. వాటిని కంపోస్టులో వేయకూడదు. చామంతి తలలను ఈ నెలల్లోనే తుంచితే పక్క కొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి.

సెప్టెంబరు చివర వాన తగ్గగానే డాలియా దుంపలు, పాన్సీ, గ్లాడియోలస్, బంతి నాటుకోవాలి. అక్టోబరులో గులాబీ కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాల్లో కొత్త పూత వస్తుంది. నవంబరు నుంచి జనవరి వరకు చలి భరించని మొక్కలకు ఎరువు ఆపాలి, నీళ్లు తగ్గించాలి. పోసే నీళ్లు పొద్దెక్కాక పోయాలి. రాత్రికి మట్టి తడిగా ఉండకూడదు. ఈ పొడి చలిలో గులాబీ ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు కనిపించవచ్చు.

ఫిబ్రవరిలో చిగుళ్లతోపాటు పేనుబంక, ఆ తరువాత వేడిలో ఎర్రనల్లి, పిండినల్లి వస్తాయి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం ఆకుల అడుగున పిచికారీ చేయాలి. వారం తరువాత మళ్లీ చేయకపోతే గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు తిరిగి అల్లుకుంటాయి. పూత అయిన డాలియా దుంపలను తవ్వి, ఆరబెట్టి, పొడి ఇసుకలో దాచుకోవాలి. నేలలో వదిలేస్తే వచ్చే వానకు కుళ్లిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పాదుల చుట్టూ ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది.

ఏ కాలంలోనైనా నీళ్లకు ఒకటే పరీక్ష. వేలిని అంగుళం లోతుకు దించి చూడాలి, పొడిగా ఉంటేనే పోయాలి. ఇంటి మొక్కలు దాహంతో చచ్చేకన్నా నీళ్లెక్కువై చచ్చేవే ఎక్కువ.

పిల్లలున్న ఇల్లు

అలంకరణకు ఇష్టపడే మొక్కల్లో కొన్ని విషపూరితం. డైఫన్‌బాకియా ఆకు కొరికితే నాలుక, గొంతు వాస్తాయి. ఆ ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. మనీప్లాంట్, ఫిలోడెండ్రాన్, పీస్ లిల్లీలలోనూ ఇవే ఉంటాయి. గన్నేరులో ప్రతి భాగం గుండె మీద పనిచేసే విషమే. వినాయక చవితి పత్రిలో గన్నేరు, ఉమ్మెత్త, జిల్లేడు కూడా ఉంటాయి. కాబట్టి పత్రి కోసిన చేతులు కడుక్కోవడం, పూజ తరువాత ఆకులను పిల్లలకు, పశువులకు అందకుండా తీయడం తప్పనిసరి.

క్వార్టర్లు ఖాళీ చేసేటప్పుడు

టౌన్‌షిప్ ఇల్లు ఉద్యోగం ఉన్నన్నాళ్లే. బదిలీనో పదవీ విరమణో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అందుకే ఎంతోకాలం నిలిచే పొదలను నేలలో, ఇష్టమైనవాటిని కుండీల్లో పెంచడం తెలివైన ఏర్పాటు. నేలలో ఉన్న పెద్ద మొక్కను పెకలించడం కంటే దాని కొమ్మ నుంచి కొత్త మొక్క తీయడం మేలు. మందార, నందివర్ధనం, గంధరాజం వానాకాలంలో పెన్సిలంత లావు కొమ్మ ముక్క నుంచి వేళ్లు వేస్తాయి. రెండు మూడు నెలల్లో ప్రయాణానికి సిద్ధమవుతాయి. సాలూరు, బొబ్బిలి, విజయనగరం వైపు దిగేవారికి ఇవి బాగా కలిసి వస్తాయి. కనకాంబరం, మల్లె, తమలపాకు ఆ వేడిలో ఇక్కడికంటే గుబురుగా పెరుగుతాయి. హైడ్రాంజియా, జెరేనియం మాత్రం పక్కింటివారికి ఇచ్చి రావడమే మంచిది. మైదానపు మే నెలను అవి దాటడం అరుదు.